ట్యాంకు మీద డిప్ తీసేవాళ్ళకు ఆవిర్ల ముప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

ముడిచమురు ట్యాంకు మూత తీసి మట్టం కొలిచేవాళ్ళు (దీన్నే డిప్ తీయడం అంటాం), శాంపిల్ పట్టేవాళ్ళు, వాళ్ళను పైకి పంపే సూపర్‌వైజర్లు తరచూ అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా చమురు క్షేత్రాలవి. ఈ ప్రమాదాన్ని అక్కడ మరణాల లెక్కతో సహా పరిశీలించి రాశారు కాబట్టి వాటినే తీసుకున్నాను. కోనసీమలోనో గల్ఫ్‌లోనో ఇదే పని చేసే మనవాళ్ళకూ ఆవిరి గుణం ఒకటే.

డిప్ తీసేటప్పుడు మనిషి ఎక్కడ ఉంటాడు, ఏం చేస్తాడు?

అమెరికా బావుల దగ్గర మామూలుగా కనిపించేది 400 బ్యారెళ్ళ ట్యాంకు. 20 అడుగుల ఎత్తు, 12 అడుగుల వ్యాసం. మట్టం కొలిచే మనిషిని గేజర్ అంటారు. అతను మెట్లెక్కి, ట్యాంకు పైఅంచు పక్కనుండే ఇరుకు నడకదారి, అంటే క్యాట్‌వాక్, మీదికి చేరి, పైకప్పు అంచున ఉన్న చిన్న మూత తెరుస్తాడు. దాన్ని థీఫ్ హాచ్ అంటారు. ఇత్తడి బాబ్ (బరువు గుండు) వేలాడే స్టీలు టేపును లోపలికి వదిలి, పైకి చుట్టుకుంటూ చమురు తడి ఏ అంకె దగ్గర ఆగిందో చూస్తాడు. అడుగున నీళ్ళెంత ఉన్నాయో తెలియడానికి బాబ్‌కి పేస్టు పూస్తాడు. నీళ్ళు తగిలిన మేర అది రంగు మారుతుంది. తర్వాత ఉష్ణోగ్రత, ఆపైన శాంపిల్.

ఈ ట్యాంకులో ఒక్క అంగుళం మట్టం అంటే దాదాపు 267 లీటర్లు. అమ్మేవాడూ కొనేవాడూ డబ్బు లెక్క కట్టేది ఆ అంకె మీదే. అందుకని గేజర్ పావు అంగుళం కూడా తేడా రాకూడదని మెడ వంచి, కళ్ళు టేపుకు దగ్గరగా పెట్టి చదువుతాడు. అంటే ముక్కు సరిగ్గా ఆ రంధ్రం మీదికే వస్తుంది. పని ఎంత శ్రద్ధగా చేస్తే అంత ఎక్కువ ఆవిరి పీలుస్తాడన్నమాట.

ట్యాంకులో ఉన్నది చమురే కదా, అంత గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

చమురులో కరిగి ఉన్న గ్యాసే. బావి నుంచి వచ్చిన చమురు, గ్యాస్, నీళ్ళను విడదీసే సెపరేటర్‌లో పీడనం కింద ఉన్న చమురు, మామూలు పీడనం ఉన్న ట్యాంకులోకి రాగానే ప్రొపేన్, బ్యూటేన్, పెంటేన్ లాంటి తేలిక హైడ్రోకార్బన్లు సోడా సీసా మూత తీసినట్టు బయటికి పొంగుతాయి. నార్త్ డకోటాలోని బాకెన్, టెక్సస్‌లోని ఈగిల్ ఫోర్డ్ లాంటి షేల్ క్షేత్రాల చమురు తేలికైనది కాబట్టి ఈ పొంగు ఎక్కువ. ట్యాంకులోకి చమురు వస్తూ ఉండగానో, అప్పుడే నిండాకనో మూత తీస్తే లోపల అణిగి ఉన్న ఆవిరి ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. ఆ తొలి విసురులో హైడ్రోకార్బన్ల గాఢత 1,00,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో లక్ష వంతులు) దాటగలదు. అంటే పీల్చే గాలిలో పదో వంతు పైగా గాలే కాదు.

దీనివల్ల మనుషులు చనిపోతారా, లేక కళ్ళు తిరగడం దాకేనా?

చనిపోయారు. 2010 నుంచి 2014 మధ్య అమెరికా చమురు క్షేత్రాల్లో డిప్ తీస్తూనో శాంపిల్ పడుతూనో తొమ్మిది మంది మరణించారని ఆ దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ గుర్తించింది. ఎవరూ ట్యాంకులోకి దిగలేదు. పేలుడు లేదు, మంట లేదు. ఆరుబయట, తెరిచిన మూత పక్కనో క్యాట్‌వాక్ మీదో కుప్పకూలిపోయి కనిపించారు. ఆ సమయంలో వాళ్ళను కనిపెట్టుకుని ఉన్న మనిషి లేడు. దీని మీద నియోష్, అక్కడి కార్మిక భద్రతా నియంత్రణ సంస్థ ఓషా కలిసి 2016 ఫిబ్రవరిలో ప్రమాద హెచ్చరిక విడుదల చేశాయి.

‘ఆరుబయట’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మన సేఫ్టీ క్లాసుల్లో ట్యాంకు లోపలికి దిగడం గురించి గంటలు గంటలు చెబుతాం. పర్మిట్, బ్లోయర్, బయట కాపలా మనిషి, అన్నీ ఉంటాయి. పైకప్పు మీద నిలబడి మూత తీయడానికి మాత్రం ఏ కాగితమూ అడగం. పైన గాలి ఆడుతోంది కదా అన్న ధీమా. మూత మీదికి వంగిన ముఖం చుట్టూ ఉన్న ఒక అడుగు మేర గాలి ఆరుబయటి గాలి కాదు, ట్యాంకు లోపలి గాలి.

పోస్ట్‌మార్టంలో గుండెపోటు అని రాశారంటారే?

ఈ తొమ్మిదింటిలో కొన్నింటిని మొదట అలాగే సహజ మరణాలుగా రాశారు. దానికి కారణం ఉంది. బ్యూటేన్, ప్రొపేన్ లాంటివి ఎక్కువ మోతాదులో పీలిస్తే గుండె అడ్రినలిన్‌కు అతిగా స్పందించే స్థితికి వస్తుంది. మెట్లెక్కిన ఆయాసమో, ఏదో తేడాగా ఉందన్న కంగారో తోడైతే చాలు, లయ తప్పి ఆగిపోతుంది. అదే సమయంలో ఆక్సిజన్ కూడా తక్కువైతే గుండె తట్టుకునే శక్తి ఇంకా పడిపోతుంది. శరీరం మీద గుర్తేమీ ఉండదు. యాభై దాటిన మనిషికి రక్తనాళాల్లో కాస్త కొవ్వు కనిపిస్తే డాక్టరు దాన్నే రాస్తాడు.

కాబట్టి ట్యాంకు మీద ఎవరైనా పడిపోయి చనిపోతే, హైడ్రోకార్బన్ల కోసం రక్తపరీక్ష చేయించమని కుటుంబం, యూనియన్, సేఫ్టీ ఆఫీసరు ముందే అడగాలి. ఆవిరి ఎగిరిపోకుండా బిగుతైన సీసాలో, వెంటనే తీస్తేనే ఆ పరీక్షకు అర్థం. మనిషి ఎక్కడ పడిపోయాడో, మూత తెరిచి ఉందో లేదో డాక్టరుకు చెప్పకపోతే ఆయనకు అనుమానమే రాదు. పరిహారం మాట అటుంచినా, గుండెజబ్బు అని రాసేశాక మర్నాడు అదే మూత దగ్గరికి ఇంకొకరు వెళతారు.

వాసన రాగానే పక్కకు జరిగితే సరిపోదా?

సరిపోదు. ముక్కు రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఒకటి, పొద్దస్తమానం అదే వాసనలో ఉన్నవాడికి అది తెలియడం మానేస్తుంది. ‘మాకు అలవాటైపోయింది సార్’ అని ధైర్యంగా చెప్పేవాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది. రెండోది, పుల్లచమురు, అంటే గంధకం ఎక్కువున్న చమురు, ట్యాంకుల్లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చేది తక్కువ మోతాదులోనే. 100 పీపీఎం దగ్గర కొద్ది నిమిషాల్లో వాసన తెలిసే శక్తే పోతుంది. 700 దాటితే ఒకటి రెండు ఊపిర్లలో మనిషి పడిపోవచ్చు. ‘వాసన పోయింది, గ్యాస్ తగ్గినట్టుంది’ అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

అదీగాక, తొలి విసురు సెకన్ల వ్యవహారం. వాసన వచ్చింది, ఆలోచించాను, జరిగాను అనేంత వ్యవధి ఉండదు.

గాలి వాలు చూసుకుని నిలబడితే?

చూసుకోవాలి, కానీ దాన్నే నమ్ముకోకూడదు. గాలి ఎదురుగా వస్తుంటే, అంటే మూత మీదుగా మీ ముఖం మీదికి వీస్తుంటే, పని మొదలుపెట్టకండి. వీపు వెనకనుంచి వీస్తే మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి మీ శరీరమే అడ్డమై ముందువైపు సుడి ఏర్పడుతుంది, ఆవిరి ఆ సుడిలో చిక్కి ముఖం దగ్గరే తిరుగుతుంది. పక్కనుంచి వీచే గాలి వీటికన్నా నయం. గాలి ఆడని తెల్లవారుజామున ఈ లెక్కలేవీ పనిచేయవు.

ఈ ఆవిర్లు గాలికన్నా బరువైనవి. ట్యాంకు గోడ వెంట కిందికి జారతాయి. కింద నిలబడి పైకి చూసే హెల్పరూ, లారీ ఇంజను ఆపకుండా కూర్చున్న డ్రైవరూ ఆ దారిలోనే ఉంటారు.

నా జేబుకు నాలుగు గ్యాసుల డిటెక్టర్ ఉంది. అది మోగకపోతే క్షేమమే కదా?

ఈ ప్రశ్నకు కాస్త లెక్క అవసరం, ఓపిగ్గా చదవండి.

డిటెక్టర్‌లో ఎల్‌ఈఎల్ అన్న అంకె పేలుడు కోసం పెట్టింది, ఊపిరి కోసం కాదు. గాలిలో 1.6 శాతం బ్యూటేన్ ఉంటే అంటుకోగలదు. అదే దాని 100 శాతం ఎల్‌ఈఎల్. చాలా డిటెక్టర్లు 10 శాతం ఎల్‌ఈఎల్ దగ్గర మొదటిసారి మోగుతాయి. బ్యూటేన్‌కు అది 1,600 పీపీఎం. నియోష్ లెక్కలో ‘ప్రాణానికి తక్షణ ప్రమాదం’ అన్న గీత కూడా సరిగ్గా ఆ 1,600 దగ్గరే ఉంది. ప్రొపేన్‌కు ఆ గీత 2,100, పెంటేన్‌కు 1,500. కాబట్టి మొదటి మోత ముందస్తు హెచ్చరిక కాదు, గీత దాటుతున్నారన్న కబురు. మోత వినగానే మూత వదిలేసి కిందికి దిగాలి. ‘ఈ రీడింగ్ రాసుకుని’ అన్న మాటే వద్దు.

ఇక ఆక్సిజన్. మామూలు గాలిలో 20.9 శాతం. 19.5కి పడితే అలారం. గాలిలో 6.7 శాతం ఇంకేదో చేరితే గానీ ఆక్సిజన్ అంత తగ్గదు. 6.7 శాతం అంటే 67,000 పీపీఎం. ఆ చేరింది బ్యూటేనే అయితే, పైన చెప్పిన 1,600 గీతకు నలభై రెట్లు. ఆక్సిజన్ అలారం కోసం ఎదురుచూసేవాడికి అది మోగేసరికి బాగా ఆలస్యమైపోతుంది.

ఇంకో సంగతి. మామూలు ఎల్‌ఈఎల్ సెన్సర్ గ్యాస్‌ను లోపల కాల్చి కొలుస్తుంది. కాల్చడానికి ఆక్సిజన్ కావాలి. ఆవిరి మరీ చిక్కగా ఉండి ఆక్సిజన్ పలచబడితే సెన్సర్ తప్పుగా తక్కువ చూపించగలదు. అంకె ఒక్కసారి పైకి లేచి మళ్ళీ పడిపోతే గాలి శుభ్రపడిందని అనుకోకండి.

డిటెక్టర్ చొక్కా గుండీల దగ్గర, మెడకు దగ్గరగా ఉండాలి. బెల్టుకో ప్యాంటు జేబుకో ఉంటే వంగినప్పుడు ముక్కు ఒక గాలిలో, డిటెక్టర్ మరో గాలిలో ఉంటాయి. రోజూ బంప్ టెస్టు చేయాలి, అంటే కాస్త పరీక్ష గ్యాస్ చూపించి అలారం మోగుతోందో లేదో చూడాలి. చేయకపోతే అది పనిచేస్తోందో లేదో మీకు తెలిసే దారి లేదు.

కార్ట్రిడ్జ్ మాస్క్, ఎన్95, తడి తుండుగుడ్డ: ఏది పనికొస్తుంది?

ఏదీ కాదు. తుండుగుడ్డ, ఎన్95 ధూళికి మాత్రమే. కార్ట్రిడ్జ్ మాస్క్ చుట్టూ ఉన్న గాలినే వడపోస్తుంది, లేని ఆక్సిజన్‌ను పుట్టించలేదు. పైగా ఇంత గాఢతలో బ్యూటేన్, ప్రొపేన్ లాంటి తేలిక గ్యాసులను అందులోని బొగ్గు పట్టి ఉంచలేదు. మూత తెరవక తప్పని చోట, ఆవిరి గాఢత తెలియని చోట, శుభ్రమైన గాలిని వెంట తెచ్చుకునే సాధనమే కావాలి. వీపుకు సిలిండర్ ఉండే బీఏ సెట్, లేదా గొట్టం ద్వారా గాలి అందే సెట్‌తో పాటు నడుముకు అత్యవసర సిలిండర్.

బీఏ సెట్ వేసుకునేవాళ్ళు గడ్డం తీయాలి. వారం రోజుల గడ్డం ఉన్నా మాస్కు అంచు చర్మానికి అతుక్కోదు. మొక్కు ఉందనో స్టైలనో వాదించేవాళ్ళను ఆ రోజు వేరే పనికి పంపండి, గొడవ ఉండదు. సిలిండర్ మీద 30 నిమిషాలని రాసి ఉన్నా మెట్లెక్కి ఆయాసపడే మనిషికి అంతసేపు రాదు.

మూత తెరవక తప్పదంటే ఏ క్రమంలో చేయాలి?

ముందు ట్యాంకులోకి చమురు రావడం ఆపండి. కొంత సేపు ఆగండి. ఆవిరి తగ్గడానికే కాదు, స్టాటిక్ విద్యుత్తు చల్లారడానికీ ఇది అవసరం. పెద్ద ట్యాంకు నింపాక డిప్ తీయడానికి 30 నిమిషాలు ఆగాలన్న నియమం చమురు పరిశ్రమలో పాతదే. వెంట్ వాల్వు దూరంగా, కింద ఉంటే ముందు దాంతో పీడనం తగ్గించండి. పైకి వెళ్ళేముందే బీఏ సెట్ తొడుక్కోవాలి, పైకి వెళ్ళాక కాదు. కింద, ఆవిరి చేరని చోట ఒక మనిషి మిమ్మల్నే చూస్తూ ఉండాలి. చూస్తూ అంటే చూస్తూనే, ఫోన్ చూస్తూ కాదు.

మూత తెరిచేటప్పుడు పక్కకు నిలబడి, చేయి చాచి తెరిచి, వెంటనే వెనక్కి జరగాలి. తొలి విసురు పోనివ్వాలి. అప్పుడు టేపు. టేపును హాచ్ అంచుకు ఎర్త్ అయ్యేలా తగిలించి ఉంచాలి. నైలాన్ తాడుతో శాంపిల్ సీసా దింపకూడదు, నూలు తాడు వాడాలి. అంకెను మూత మీద వంగి చదవాల్సిన పని లేదు. తడి ఆగిన చోట బొటనవేలు పెట్టుకుని టేపును అవతలికి తెచ్చి చదివినా అంకె మారదు. మూత మూసేశాకే రాసుకోవడం, లెక్కలు.

ఈ క్రమం మొత్తం పాటించినా ఇది రెండో మేలైన పద్ధతే. మొదటిది ఈ కింది ప్రశ్నలో ఉంది.

అసలు మూత తీయకుండా కొలవలేమా?

కొలవచ్చు. దీని మీదే ఎక్కువ డబ్బు పెట్టాలని నా అభిప్రాయం. ట్యాంకు పైన బిగించిన రాడార్ గేజ్ చమురు ఉపరితలం మీదికి తరంగాలు పంపి మట్టం చెబుతుంది. ఫ్లోట్, సర్వో గేజులూ ఉన్నాయి. ఉష్ణోగ్రతకు లోపలే ప్రోబులు, శాంపిల్‌కు ట్యాంకు పక్కన కింద మూసివున్న శాంప్లర్. అమ్మకానికైతే పైపులోనే కొలిచి, శాంపిల్ కూడా తీసే లాక్ట్ యూనిట్లున్నాయి. ఆవిరిని పట్టి తిరిగి వాడుకునే వేపర్ రికవరీ యూనిట్ ఉంటే పీడనమూ తగ్గుతుంది, అమ్ముకోదగ్గ గ్యాసూ మిగులుతుంది.

మరి ఇన్నాళ్ళు ఎందుకు పెట్టలేదు? ఖర్చు ఒక కారణం, నిబంధనలు ఇంకో కారణం. అమెరికాలో ప్రభుత్వ భూముల్లోని బావులకు 1989 నాటి నియమాలు చేత్తో డిప్ తీయడాన్నే ప్రధాన పద్ధతిగా గుర్తించాయి. మరణాలు బయటపడ్డాక, 2016లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తన కొలతల ప్రమాణాల్లో 18.2 అధ్యాయాన్ని విడుదల చేసింది. మూత తీయకుండా కొలిచి చమురు చేతులు మార్చుకునే పద్ధతులు అందులో ఉన్నాయి. అదే ఏడాది ప్రభుత్వ భూముల నియమాలూ మారి ఆటోమేటిక్ గేజింగ్‌కు దారి ఇచ్చాయి. కాబట్టి ‘నిబంధన ఒప్పుకోదు’ అన్న సాకు ఇప్పుడు అక్కడ చెల్లదు.

ఒక మెలిక ఉంది. రాడార్ గేజ్ పెట్టాక కూడా ‘సరిచూడ్డానికి’ అని రోజూ మూత తీసి డిప్ తీయించే చోట్లున్నాయి. అలాంటప్పుడు గేజ్ కొన్నది ఎవరి కోసం?

పడిపోయిన మనిషి కోసం పైకి పరిగెత్తవచ్చా?

బీఏ సెట్ లేకుండా వద్దు. మ్యాన్‌హోల్‌లో పడిపోయినవాడిని తీయబోయి రెండోవాడూ పోయాడన్న వార్తలు మన పేపర్లలో ఎన్నోసార్లు చదివాం. ఇక్కడా మూత తెరిచే ఉంటుంది, ఆవిరి వస్తూనే ఉంటుంది. ముందు అలారం, అంబులెన్సు. తర్వాత సెట్ తొడుక్కుని ఎక్కి, ముందు మూత వేయాలి లేదా మనిషిని మూతకు దూరంగా లాగాలి. గాలి శుభ్రంగా ఉన్న చోటికి తెచ్చాక ఊపిరి, నాడి లేకపోతే వెంటనే సీపీఆర్. లయ తప్పిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, ఏఈడీ, పనికొస్తుంది, కానీ దాన్ని ఆవిరి ఉన్న చోట వాడితే నిప్పురవ్వ ప్రమాదం. అందుకే ముందు కిందికి దించాలి. 20 అడుగుల మెట్ల మీదుగా స్పృహ లేని మనిషిని ఎలా దించుతారో ఒకసారి డ్రిల్ చేసి చూడండి. చాలాచోట్ల కాగితం మీది ప్లాను అక్కడే తేలిపోతుంది.

ఒక్కసారి కాదు, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పీలిస్తే?

అప్పుడు చూడాల్సింది బెంజీన్. ఇది రక్త క్యాన్సర్ తెస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. ఓషా సాధారణ పరిమితి ఎనిమిది గంటల సగటున 1 పీపీఎం. నియోష్ ఇంకా కఠినంగా 0.1 అంటుంది. కొలరాడో, వయోమింగ్‌లలో బావి నుంచి వెనక్కి వచ్చే ద్రవాల ట్యాంకులకు డిప్ తీసేవాళ్ళ మీద నియోష్ కొలిచినప్పుడు 17 నమూనాల్లో 15 ఆ 0.1ని అందుకున్నాయి లేదా దాటాయి. నాలుగు గ్యాసుల డిటెక్టర్ ఇంత తక్కువ బెంజీన్‌ను చూపించలేదు. దానికి వేరే సాధనం, ఏటా రక్తపరీక్ష కావాలి. చమురు అంటిన గ్లౌజులు, చొక్కాల ద్వారా చర్మంలోకీ కొంత వెళుతుంది.

పెట్రోలు బంకులో పొద్దున్నే డిప్ రాడ్ దించేవాళ్ళకూ ఇదే ప్రమాదమా?

అంత కాదు. పెట్రోలు రిఫైనరీలో తేలిక గ్యాసులు తీసేసి వచ్చిన సరుకు, ముడిచమురులా పొంగదు. అక్కడ ముఖ్యమైనవి రెండు: నిప్పు, రోజువారీ బెంజీన్. బీఎస్-6 పెట్రోల్లో బెంజీన్ ఒక శాతం దాకా ఉండవచ్చు. రాడ్ మీద తడి గీతను చూడ్డానికి రంధ్రం మీద వంగక్కర్లేదు, బయటికి తీసి నిలబడి చూడండి. ట్యాంకర్ దించుతున్నప్పుడు వెంట్ పైపు దగ్గర కబుర్లు వద్దు.

కంపెనీ బీఏ సెట్ ఇవ్వకుండా పైకెక్కమంటే?

కాంట్రాక్టు మనిషికి ఇది మాటల్లో చెప్పినంత తేలిక కాదని తెలుసు. అయినా ‘ఎక్కను’ అని కాకుండా ‘సెట్ ఇవ్వండి, కింద మనిషిని పెట్టండి, ఎక్కుతాను’ అనండి. అది పని మానేయడం కింద రాదు. తేదీ, సమయం, ట్యాంకు నంబరుతో సూపర్‌వైజర్‌కు మెసేజ్ పెట్టండి, వాట్సాప్ అయినా సరే. తక్షణ ప్రమాదం కనిపిస్తే కార్మికుడే యాజమాన్యం దృష్టికి తీసుకెళ్ళే హక్కును భోపాల్ తర్వాత, 1987 సవరణతో అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో 41హెచ్ సెక్షన్‌గా చేర్చారు. కాబట్టి అలా అడగడం మీరు కొత్తగా మొదలుపెట్టిన గొడవేమీ కాదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు టెర్మినల్ యజమాని సేఫ్టీ విభాగానికి చెప్పడం మంచిది. తెచ్చిన ఏజెన్సీ కన్నా, ట్యాంకు ఎవరిదో వాళ్ళకే ప్రమాదం జరిగితే భయం ఎక్కువ.

లారీ డ్రైవర్లకు ఇవన్నీ ఎందుకు?

చాలా క్షేత్రాల్లో చమురు ఎత్తుకునే ముందూ తర్వాతా డిప్ తీసేది ట్యాంకర్ డ్రైవరే కాబట్టి. రోజుకు ఎన్నో బావులు తిరుగుతాడు, ఎక్కడా పక్కన మనిషి ఉండడు. బావి యజమాని తన మనుషులకిచ్చిన డిటెక్టర్, శిక్షణ ఇతనికి అందవు. అమెరికాలో పోయినవాళ్ళలో ఇలాంటి డ్రైవర్లూ ఉన్నారు. మీ సైటులో ట్యాంకు మీదికి ఎక్కేవాళ్ళ జాబితా రాస్తే అందులో డ్రైవరు పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే, రేపటి లోడుకు ముందే చేర్చండి.